నాగమణి షెడ్డులో ఒకటే పిన్ను

ఫోన్లన్నిటికీ ఒకే రకం చార్జింగు పిన్ను ఉండాలని ఐరోపా దేశాలవాళ్లు చట్టం చేశారన్నా, ఢిల్లీ పెద్దలు కూడా అదే దారి పట్టారన్నా, అదంతా మా చాట్రాయి నాగమణికి భయపడే. ఇందులో రెండో మాట లేదు. ఆవిడ కొంగు బిగించి ఒక్క అరుపు అరిచిందంటే పచ్చి బంగినపల్లి చెట్టు మీదే పసుపెక్కుతుంది, హనుమాన్ జంక్షన్ దాటిన బస్సు వెనక్కొచ్చి ఆగుతుంది. అలాంటి అరుపు పోయిన వేసవిలో ఒకటి అరిచింది. ఆ దెబ్బకి లోకంలోని సన్న పిన్నులు, బండ పిన్నులు, చప్పిడి పిన్నులు మూటాముల్లె సర్దుకుని విజయవాడ దారి పట్టాయి. నమ్మనివాళ్లు నూజివీడు రావచ్చు. షెడ్డు ఉంది, కాటా ఉంది, కాటాకి వేలాడే తోక ఉంది. వేలు పెట్టి చూసుకోవచ్చు.

నాగమణి పుట్టింది ముసునూరు, మెట్టింది చాట్రాయి. ఏడో తరగతి అయ్యాక వేసవి సెలవుల్లో తోటలో కాయలేరడానికి వెళ్లింది. ఆ సెలవులు ఇంకా అవలేదు. ముప్పై అయిదేళ్లు దాటింది. బడి మానేసిందని ఎవరైనా అంటే ఒప్పుకోదు, "నేనెక్కడ మానేశాను? బడే నన్ను వదిలేసి ముందుకెళ్లిపోయింది" అంటుంది. ఇప్పుడు పధ్నాలుగు మంది ఆడవాళ్ల ముఠాకి పెద్ద. పొద్దున్నే ట్రాక్టరెక్కి నూజివీడు వచ్చి, వెంకటకృష్ణారావు షావుకారి షెడ్డులో కాయ ఏరి, ముచ్చిక విరిచి, సొన కార్చి, కాగితంలో చుట్టి, పెట్టెల్లో సర్దడం వాళ్ల పని.

సొన సంగతి తెలియనివాళ్లకి ఒక మాట. మామిడికాయ ముచ్చిక విరిస్తే చిమ్మే ఆ పాలు చేతి మీద పడితే కాలుతుంది, బట్ట మీద పడితే మచ్చ, ఎండితే నల్లగా బంకలా పట్టేస్తుంది. అందుకే నాగమణి రోజూ షెడ్డు గుమ్మంలో నువ్వుల నూనె సీసా పట్టుకుని నిలబడుతుంది. గుడిలో తీర్థం పోసినట్టు ఒక్కొక్కరి అరచేతిలో ఒక్కో చెంచాడు పోస్తుంది. మోచేతుల దాకా రాసుకోనిదే ఎవరూ కాయ ముట్టుకోకూడదు. కొత్తగా వచ్చిన పిల్ల "ఇవాళ్టికి వద్దులే అక్కా" అంటే చాలు, "వద్దా? అయితే ట్రాక్టరు ఇంకా తిరగలేదు, ఎక్కెయ్" అంటుంది.

పిన్నులతో ఆవిడ పగ పాతది. మొదటి ఫోను సన్న పిన్నుది. వీధిలో అయిదిళ్లకి ఒకటే చార్జరు తిరిగేది, ఆ రోజులు బాగుండేవి. తర్వాత ఫోనుకి చప్పిడి పిన్ను వచ్చింది. దాని తర్వాతది సి పిన్ను. మొగుడి టార్చిలైటుకి ఇంకో పిన్ను, మందుకొట్టే స్ప్రేయరుకి బండ పిన్ను, దోమల బ్యాటుకి పొట్టలోంచి బయటికొచ్చే రెండు పళ్లు. ఫోను పోయినా చార్జరు మిగిలిపోతుంది, మనిషి పోయిన ఇంట్లో చెప్పుల్లాగా. పారేయబుద్ధి కాదు, పనికీ రాదు. నాగమణి ఇంట్లో బిస్కెట్ల డబ్బా నిండా అవే. మూత తీస్తే పాముల బుట్టే.

ఇంట్లో అయితే ఓర్చుకోవచ్చు. షెడ్డులో అది కూటి సమస్య. రేపు పని ఏ షెడ్డులో, ట్రాక్టరు ఎన్నింటికి అనేది సాయంత్రమో తెల్లారో ఫోనులోనే తెలుస్తుంది. ఫోను చచ్చిపోయి ఉంటే ఆ రోజు పని పోయినట్టే. పోయిన ఏప్రిల్లో ముఠాలోని రాధకి అలాగే అయింది. ట్రాక్టరు వెళ్లిపోయాక రోడ్డు మీద టిఫిను గిన్నెతో నిలబడిపోయింది. షెడ్డులో ఉన్నది ఒకటే బోర్డు. పధ్నాలుగు ఫోన్లు, మూడు రకాల మూతులు. అప్పుడు నాగమణి బస్టాండు దగ్గర సెల్లు రిపేరు చేసే సువర్ణరాజు కొట్టుకెళ్లి, సి పిన్ను మీద తొడిగితే వేరే పిన్నుగా మారే చిన్న ముక్కలు కొనుక్కొచ్చింది. వాటిని గాజుకున్న పిన్నీసుకి గుచ్చి వేలాడదీసుకుంది. రెండు సి చార్జర్లు, గాజుకి ఆ ముక్కలు, టీ తాగే వేళకి వంతులు. పధ్నాలుగు ఫోన్లూ బతికాయి. ఆవిడ చెయ్యి ఊపుతూ నడుస్తుంటే గజ్జెల ఎద్దు వస్తోందని హమాలీలు ఆటపట్టించేవాళ్లు.

"ఎద్దు పొడుస్తుంది కూడా, జాగ్రత్త" అనేది.

ఇక షావుకారు. వెంకటకృష్ణారావుగారిది మూడు తరాల మామిడి వ్యాపారం. మనిషి చెడ్డవాడు కాదు, కాకపోతే తన మాట తనకి దేవుడి గంటలా వినిపిస్తుంది. ఏ తోట నుంచి సరుకొచ్చినా తట్టలోంచి ఒక కాయ తీసి, బొటనవేలూ చూపుడువేలుతో ముచ్చిక ఠక్కున విరిచి, సొన చిమ్మిన తీరు చూసి కాయ ముదిరిందో లేదో చెప్పేస్తాడు. తాత కూడా అలాగే చూసేవాడట. రోజుకి ఇరవై ముప్పై ముచ్చికలు విరిచే వేళ్లవి. నూనె రాసుకోమంటే, "నూనె చేత్తో కాయ నిజం చెప్పదు" అంటాడు.

పోయిన వేసవి మొదట్లో ఆయన కొత్త కాటా కొన్నాడు. మెరిసే పళ్లెం, ఎర్రటి అంకెలు. తెచ్చిన కంపెనీ మనిషి చార్జరు తీసి చూపించాడు. దాని పిన్ను గుండ్రంగా, మధ్యలో ముల్లుతో, లోకంలో ఇంకెక్కడా లేనట్టుగా ఉంది.

"ఇది మా కంపెనీదే వాడాలండి. బయట దొరకదు" అన్నాడు గొప్పగా.

నాగమణి పెట్టె సర్దుతూనే అడిగింది. "పాడైతే?"

"హైదరాబాదు నుంచి పంపిస్తామమ్మా."

"షావుకారుగారూ, ఇది తిప్పి పంపించండి. మామూలు పిన్నున్నది తెమ్మనండి."

వెంకటకృష్ణారావు నవ్వాడు. "కాటా కొనేది నేనా, నువ్వా?"

"మీరే. కానీ ఒక్కటి చెప్పండి. కిలో అందరికీ ఒకటే కదా? మీ కిలో వేరు, మా కిలో వేరు అంటే రైతు ఊరుకుంటాడా? బరువుకి ఉన్న న్యాయం పిన్నుకి ఎందుకు లేదండీ?"

"నీకు నోరెక్కువైంది నాగమణీ. ఇదిగో, ఈ కాటా తీగ నేను తప్ప ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు." ఆ మాట షెడ్డంతా విన్నది. ఆ రోజు నుంచి పొద్దున్న పిన్ను పెట్టేదీ, సాయంత్రం తీసేదీ ఆయనే.

మే నెల మధ్యలో, ఒక మంగళవారం. చాట్రాయి నుంచి రెండు ట్రాక్టర్ల చిన్నరసాలు దిగాయి. రసాలంటే ఆగే కాయలు కావు. ఇవాళ ముట్టుకుంటే గట్టిగా ఉంటాయి, ఎల్లుండికి మెత్తబడతాయి. నాగపూరు వెళ్లే లారీ వచ్చి నిలబడింది. సగం సరుకు తూకం అయ్యాక కాటాని లారీ దగ్గరికి జరుపుదామని హమాలీలు ఇద్దరు పట్టి లాగారు. గోడలో ఉన్న చార్జరు వైరు బిగుసుకుని ఫట్‌మంది. ఎర్రటి అంకెలు రెండుసార్లు మిణుకుమని ఆరిపోయాయి.

చూస్తే, పిన్ను కాటా మూతిలోనే ఉంది. దానికి నాలుగు వేళ్ల పొడుగు తీగ తోకలా వేలాడుతోంది. మిగతా వైరంతా నేల మీద. లోపల బ్యాటరీ వారం నుంచీ సరిగా చార్జి ఎక్కక చచ్చి ఉంది.

వెంకటకృష్ణారావు కంపెనీకి ఫోను చేశాడు. మనిషి శనివారానికి గానీ రాలేడన్నారు. అంటే నాలుగు రోజులు. పక్క షెడ్లలో అడిగితే, సీజను నడిమధ్య కాటా ఇచ్చేవాడెవడు? ఫోను పెట్టేసి చుట్టూ చూశాడు. కాటా వైరు ఉన్న బోర్డులోనే రాధ ఫోను చార్జింగులో ఉంది.

"ఇదా సంగతి! నీ ఫోను పెట్టుకోవడానికి రోజూ నా వైరు గుంజి పాడు చేశావా? అందుకే కాటా జరపగానే తెగింది."

రాధ చేతిలో కాయ కింద పెట్టేసింది. "నేను ముట్టుకోలేదండీ. నా వంతొచ్చిందని పక్క చిల్లులో పెట్టానంతే."

"పెట్టావుగా? చాలు. నాగమణీ, రేపట్నుంచి మీ ముఠా రావద్దు. కాటా వచ్చాక ఉంగుటూరు నుంచి వేరే ముఠాని పిలిపించుకుంటా. ఫోన్లు లేనివాళ్లని."

మే మధ్యలో అన్ని షెడ్లకీ ముఠాలు కుదిరిపోయి ఉంటాయి. ఇక్కడ గుమ్మం దిగితే పధ్నాలుగు ఇళ్లకి ఈ ఏటి సీజను అయిపోయినట్టే. పైగా తప్పు చేసి వెళ్లగొట్టించుకున్న ముఠా అనే పేరు వచ్చే ఏడు కూడా వెంట వస్తుంది. నాగమణి ఒకసారి ముఠా వంక చూసింది. పధ్నాలుగు జతల నూనె చేతులు గాలిలో ఆగిపోయి ఉన్నాయి. ఆ చేతులు చూడగానే ఆవిడకి ఏదో తట్టింది. కాటా దగ్గరికెళ్లి వంగింది. పిన్ను పట్టుకుని లాగింది. రాలేదు. మెలితిప్పింది. రాలేదు. గోటితో గీకితే నల్లటి పొట్టు రాలింది. వాసన చూసింది.

"షావుకారుగారూ, వైరు లాగితే పిన్ను ఊడి చేతికి రావాలి కదా. వైరెందుకు తెగింది?"

"నాకేం తెలుసు?"

"పిన్ను అంటుకుపోయింది గనక. సొనండీ ఇది. ఎండి బంకైంది. రోజూ కొంచెం కొంచెం పట్టి, ఇవాళ్టికి పూర్తిగా బిగిసింది." లేచి నిలబడింది. "రాధా, చెయ్యి చూపించు. మిగతావాళ్లూ చూపించండే."

చేతులన్నీ లేచాయి. మోచేతుల దాకా నూనె మెరుస్తోంది.

"మా చేతులకి సొన అంటదు. మేం ముట్టుకుంటే ఆ పిన్ను జారుతుంది గానీ అంటుకోదు. మరి ఈ షెడ్డులో నూనె రాయని చేతులెవరివి?"

హమాలీలు, లారీ డ్రైవరు, రైతులు, అందరి చూపులూ వెంకటకృష్ణారావు కుడిచేతి మీదికి వెళ్లాయి. బొటనవేలూ చూపుడువేలూ కాటుక తీసినట్టు నల్లగా ఉన్నాయి. ఆయన ఆ చెయ్యి మెల్లగా లాల్చీ జేబులో పెట్టుకున్నాడు. ఆ జేబు మీద కూడా ఒక నల్ల మచ్చ ఉంది.

"సరే" అన్నాడు గొంతు సవరించుకుని. "సొన ఎవరిదైతే ఏంటి? నువ్వు పాయింటు తీశావని కాటా వెలుగుతుందా? నాలుగు రోజులు షెడ్డు మూతే. షెడ్డే లేకపోతే ముఠా ఎందుకు?"

నాగమణి గోడలోంచి కాటా చార్జరు ఊడబీకింది. వెనకాల చీమల బారులాంటి ఇంగ్లీషు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. పెట్టెల మీద చీటీలు చదివి చదివి అంకెలు చీకట్లో తడిమినా చెప్పగలదు. అందులో అయిదు అంకె, పక్కన ఒక అక్షరం ఉన్నాయి. రాధ ఫోను చార్జరు ఊడదీసి వెనక్కి తిప్పింది. అక్కడా అదే అయిదు, అదే అక్షరం. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. నవ్వొచ్చింది ఆవిడకి, కోపం కూడా వచ్చింది.

"డ్రైవరుగారూ, భోజనం అయిందా?"

"ఇప్పుడే క్యారేజీ విప్పుతున్నానమ్మా" అన్నాడు లారీ డ్రైవరు.

"షావుకారుగారూ, ఈయన తిని చెయ్యి కడుక్కునేలోపు మీ కాటా వెలిగిస్తా. వెలిగితే రాధ తప్పు లేదని రాధతోనే చెప్పాలి. సీజనంతా మా ముఠా ఇక్కడే ఉంటుంది, బోర్డు అందరిదీ అవుతుంది."

"వెలక్కపోతే?"

"మీరు పంపించక్కర్లేదు. మేమే దిగిపోతాం."

"అక్కా!" అని రాధ కొంగు లాగింది. నాగమణి కొంగు విదిలించుకుని సువర్ణరాజుకి ఫోను కలిపింది. "రాజూ, వైర్లు అతికే పెట్టె తీసుకుని బండెక్కు. ఎందుకో వచ్చాక చెప్తా."

బస్టాండు నుంచి షెడ్డుకి మామూలుగా పది నిమిషాలు. సువర్ణరాజు బండి ఆ రోజు గాల్లో వచ్చింది, చక్రాలు నేలకి ఆనిన గుర్తులు ఇప్పటికీ దొరకలేదు. దిగి, మీటరు పెట్టి చార్జరు చూశాడు.

"నిజమే అక్కా. రెండిట్లో వచ్చే కరెంటు ఒకటే. మూతే వేరు."

"కావాలనే వేరు పెట్టారంటావా?"

"పెట్టకపోతే వాళ్ల దగ్గరే ఎందుకు కొంటాం? ఫోన్లకైతే ఇకమీదట అన్నీ సి పిన్నేనంట. పైదేశాల్లో చట్టమే చేశారు. కాటా ఫోను కాదుగా మరి."

"అవతల ఉన్నది ఫోనో కాటానో కరెంటుకి తెలుసా?"

సువర్ణరాజు తల గోక్కుని కాటా వెనక్కి వెళ్లాడు. అంతలోనే మొహం వాడిపోయింది. "అక్కా, ఇది విప్పి లోపల సాకెట్టు మార్చాలంటే తూనికల శాఖవాళ్లు వేసిన ఈ సీలు తెంపాలి. సీలు లేని కాటా మీద ఒక్క కాయ కూడా తూయకూడదు."

వెంకటకృష్ణారావు జేబులో చెయ్యి అలాగే ఉంచుకుని, "తెంపితే ఒప్పుకోను" అన్నాడు. ఆ మాట మాత్రం న్యాయమే.

లారీ డ్రైవరు పప్పు ముగించి పెరుగులోకి వచ్చాడు. కాటా ఇంకా వెలగలేదని చూసి, "ఈ ఆవకాయ ఎవరు పట్టారో గానీ, మళ్లీ కొంచెం అన్నం కలుపుకోవాలి" అని మొదటికొచ్చాడు. పరాయి ఊరివాడైనా రసజ్ఞుడు.

సువర్ణరాజు పట్కారు తీసి పిన్ను లాగి చూశాడు. కదల్లేదు. "కిరసనాయిలు చుక్క వేసి నానబెడితే వదులవుతుందేమో. ముందు ఇది ఊడాలి అక్కా."

"ఆగు." నాగమణి ఆ నాలుగు వేళ్ల తోకని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది. చేతి గాజుకి పిన్నీసు, పిన్నీసుకి ఆ ముక్కలు, ఒక పక్క ఒక మూతి, ఇంకో పక్క ఇంకో మూతి. తోకని చూసింది, ముక్కని చూసింది. "ఎందుకు ఊడదీస్తావ్? ఊడకపోవడమే మనకి కావాలి. షావుకారుగారి సొన ఇంత గట్టిగా పట్టుకుంది కదా, దాన్ని అలాగే ఉండనీ. ఈ తోక కొసకి సి పిన్ను దూరే మూతి అతికించు. కాటా విప్పక్కర్లేదు, సీలు ముట్టుకోక్కర్లేదు."

సువర్ణరాజు పెట్టె తెరిచి కాటా పక్కనే కూర్చున్నాడు. తోక కొస గీసి, ఎరుపు తీగ ఎరుపుకి, నలుపు నలుపుకి కలిపి, కాలే మొనతో సీసం కరిగించాడు. పొగ లేచింది. నల్ల టేపు మూడు చుట్లు చుట్టాడు. అప్పటికి డ్రైవరు నాలుగోసారి మజ్జిగ పోసుకుంటున్నాడు, పాపం, కడుపు ఉబ్బి లారీలో పడతాడో లేదో అన్నట్టున్నాడు.

"రాధా, నీ చార్జరే తే" అంది నాగమణి.

రాధ సి పిన్ను తోకలో దూర్చింది. స్విచ్చి నొక్కింది. ఏమీ కాలేదు. వెంకటకృష్ణారావు నోరు తెరవబోయాడు. అప్పుడు పళ్లెం కింద ఎర్రగా మెరిసింది. ఎనిమిదులన్నీ ఒకేసారి వెలిగి, అంకెలు గబగబా దిగి, సున్నా దగ్గర కుదురుగా నిలబడ్డాయి.

"ఇరవై కిలోల రాయి పెట్టండి" అంది నాగమణి హమాలీలతో. పెట్టారు. ఇరవై. తీసి మళ్లీ పెట్టారు. ఇరవై. రైతులు హమ్మయ్య అనుకున్నారు. లారీ డ్రైవరు త్రేన్చి చెయ్యి కడుక్కున్నాడు.

వెంకటకృష్ణారావు పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూస్తూ, "సరే, నీ తప్పు లేదులే అమ్మాయ్" అన్నాడు.

"ఫ్యాను ఏ తప్పూ చేయలేదండీ" అంది నాగమణి. "రాధ ఇటుంది."

ఆయన మెడ దించాడు. రాధని చూశాడు. "నీ తప్పు లేదమ్మా. నాదే" అన్నాడు. ఆ మాట బయటికి రావడానికి కాటా వెలగడానికి పట్టినంత సేపు పట్టింది. ఆ సాయంత్రం లారీ నాగపూరు దారి పట్టింది.

మర్నాడు పొద్దున నూనె పోయించుకునే వరసలో పధ్నాలుగు అరచేతుల తర్వాత పదిహేనోది వచ్చింది. నాగమణి తలెత్తకుండానే చెంచాడు పోసింది. పోశాక చూస్తే లాల్చీ.

శనివారం కంపెనీ మనిషి కొత్త చార్జరు పట్టుకుని వచ్చాడు. తోక చూసి గుండె పట్టుకున్నాడు. "ఇలా చేస్తే వారంటీ పోతుందండీ!"

"మీ వారంటీ రావడానికి నాలుగు రోజులు పట్టింది. మా చిన్నరసం రెండు రోజుల్లో మెత్తబడుతుంది" అంది నాగమణి. "ఆ చార్జరు మీరే ఉంచుకోండి. ఈ గుమ్మంలోకి ఇకమీదట ఏం వచ్చినా, కాటా గానీ ఫ్యాను గానీ టార్చి గానీ, సి పిన్నుంటేనే రావాలి."

కంపెనీ మనిషి షావుకారు వైపు తిరిగాడు. వెంకటకృష్ణారావు నూనె చేతులు తుడుచుకుంటూ, "షెడ్డులో ఆవిడ మాటే" అన్నాడు.

ఆ తర్వాత పక్క షెడ్డువాళ్లు, ఎదుటి షెడ్డువాళ్లు వచ్చి తోక చూసి వెళ్లారు. సువర్ణరాజు సీజనంతా తోకలే అతికించాడు. నూజివీడు నుంచి వెళ్లే ప్రతి లారీ ఆ కబురు మోసుకెళ్లింది. నాగపూరు మీదుగా ఢిల్లీ, ఢిల్లీ నుంచి ఓడల్లో ఐరోపా. ఆ అరుపు విన్నాక అక్కడి మంత్రులు కుర్చీల్లో కుదురుగా కూర్చోలేక చట్టం మీద సంతకాలు పెట్టేశారు. వాళ్ల చట్టం పోయిన వేసవికి ముందే వచ్చిందని కొందరు చదువుకున్నవాళ్లు అడ్డం వస్తారు. అరుపు అంత గట్టిది మరి, తేదీల్ని కూడా వెనక్కి నెట్టింది.

ఈ కథ మొన్న షెడ్డులో టీ వేళకి చెబుతుంటే నాగమణి కూడా అక్కడే ఉంది. రసం కాయ ముచ్చిక విరిచి, బోర్లా పెట్టి, సొన చివరి బొట్టు కారేదాకా ఆగి, అప్పుడు అంది:

"ఢిల్లీ లేదు, ఐరోపా లేదు. వైరు తెగింది, అతికించాం. అరవనూ లేదు, ఆ రోజు నాకు గొంతు పట్టేసింది."